పెద్ద ఇంజిన్ వెనక అవుట్‌డ్రైవ్ నిలవాలంటే: ఆల్ఫా ఉంచుకోవాలా, బ్రావోకు మారాలా?

పంతొమ్మిది, ఇరవై అడుగుల బోట్. లోపల మెర్క్యురీ కంపెనీ మెర్‌క్రూయిజర్ 5.7 లీటర్ల వీ8 ఇంజిన్, వెనక దాని శక్తిని ప్రాపెల్లర్‌కు (ప్రాప్‌కు) చేర్చే ఆల్ఫా వన్ జెన్ టూ అవుట్‌డ్రైవ్. చలికాలం ముందు నీళ్లు పూర్తిగా తీయకపోవడంతో లోపల గడ్డకట్టి బ్లాక్ పగిలింది. ఎలాగూ ఇంజిన్ మార్చాలి కదా, అదే చేత్తో 383 స్ట్రోకరో (5.7నే స్ట్రోక్ పెంచి 383 ఘనపుటంగుళాలు చేసినది), 454 బిగ్ బ్లాకో (ఇంకా పెద్ద, బరువైన వీ8) పెట్టేద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. డాలస్ పక్కన లేక్ లూయిస్‌విల్‌లోనో, అట్లాంటా పైన లానియర్‌లోనో తిప్పడానికి పాత బోట్ కొనుక్కున్న మనవాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఈ మలుపు దగ్గరికి వస్తారు. ఇంజిన్ ధర తేలిపోతుంది, మెకానిక్ దొరుకుతాడు. వెనక వేలాడుతున్న డ్రైవ్ దాన్ని మోస్తుందా అన్న ప్రశ్న మాత్రం చివరికి మిగులుతుంది. నిజానికి మొదట అడగాల్సింది అదే.

ఆల్ఫా 300 హార్స్ పవర్ దాకా, ఆ పైన అదే కంపెనీ బలమైన డ్రైవ్ బ్రావో అని అందరూ చెప్పే లెక్క ఒకటుంది. అది తప్పు కాదు. మెర్క్యురీ 350 మ్యాగ్ ఎంపీఐ ఇంజిన్‌ను 300 హార్స్ పవర్ దగ్గర ఆల్ఫాతో కూడా అమ్మింది. కానీ ఈ అంకె ఒక్కటే పట్టుకుని నిర్ణయిస్తే కొందరు అక్కర్లేని ఖర్చు పెడతారు, ఇంకొందరు మొదటి వేసవిలోనే గేర్లు పొడి చేసుకుంటారు.

## ఏం చూసి తేల్చుకోవాలి

హార్స్ పవర్ పక్కన పెట్టి టార్క్ చూడండి. గేర్ పళ్ల మీద పడేది టార్క్. లెక్క సులువు: హార్స్ పవర్‌ను 5252తో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే పౌండ్-అడుగుల్లో టార్క్ వస్తుంది. 4800 దగ్గర 300 హార్స్ పవర్ అంటే 328 పౌండ్-అడుగులు. మామూలుగా కట్టిన 383 స్ట్రోకర్ అంతకంటే 50 హార్స్ పవరే ఎక్కువిస్తుంది అంటారు. కానీ అది మధ్య ఆర్‌పీఎంలో, అంటే 3200 నుంచి 3800 మధ్య, 420 పౌండ్-అడుగులు దాటిస్తుంది. వీ8 వెనక ఆల్ఫా గేర్ రేషియో 1.47 (ఇంజిన్ 1.47 సార్లు తిరిగితే ప్రాప్ ఒక్కసారి) కాబట్టి ప్రాప్ షాఫ్ట్ దగ్గరికి వచ్చేసరికి 328 కాస్తా 482 అవుతుంది, 430 అయితే 632 అవుతుంది. చేతిలోని కాగితం మీద 50 హార్స్ పవర్ తేడా, నీళ్లలో 150 పౌండ్-అడుగుల తేడా.

ఆ టార్క్ ఎంతసేపు పడుతుంది? చాలామంది పట్టించుకోని విషయం ఇది. అదే బోట్, అదే ప్రాప్, అదే వేగం అయితే ముందు ఏ ఇంజిన్ ఉందో డ్రైవ్‌కు తెలియదు. గంటకు 30 మైళ్ల వేగంతో పోవడానికి ప్రాప్ అడిగే శక్తి పాత ఇంజిన్‌తో ఎంతో కొత్తదానితోనూ అంతే. పైగా ప్రాప్ అడిగే టార్క్ దాదాపు ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 4800 గరిష్ఠంగా ఉన్న బోట్ 3500 దగ్గర పోతుంటే గేర్ల మీద భారం గరిష్ఠంలో సగం. కాబట్టి కొత్త ఇంజిన్ డ్రైవ్‌ను తినేది థ్రాటిల్ చివరి మూడో వంతులోనూ, నిలిచిన చోటు నుంచి ఒక్కసారిగా నెట్టినప్పుడూ.

బోట్ బరువు. మూడు వేల పౌండ్ల తేలిక బోట్ కొన్ని సెకన్లలో నీటి మీదకు లేచి పరుగందుకుంటుంది, భారం దిగిపోతుంది. ఐదు వేల పౌండ్ల క్యాబిన్ బోట్ ముక్కు పైకెత్తుకుని నీళ్లు దున్నుతున్నంతసేపూ పూర్తి టార్క్ గేర్ల మీదే ఉంటుంది. 350 హార్స్ పవర్ తేలిక బోట్‌లో ఆల్ఫా ఏళ్లు నిలవొచ్చు. అదే ఇంజిన్ బరువైన బోట్‌లో నిలవదు.

దెబ్బ. అలల మీద ఎగిరినప్పుడు ప్రాప్ గాల్లో ఖాళీగా తిరిగి, మళ్లీ నీళ్లలో పడగానే ఒక్కసారిగా ఆగుతుంది. ఫ్లైవీల్‌లో నిలవున్న వేగమంతా ఆ క్షణంలో గేర్ పళ్ల మీదకు దిగుతుంది. విరిగిన పై గేర్లు, మెలిపడ్డ నిలువు షాఫ్టులు చాలావరకు ఈ దెబ్బకు పోయినవే.

ఐడిల్, అంటే థ్రాటిల్ వదిలేసినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం. క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) పెద్దదైతే ఇంజిన్ 850, 900 కంటే కింద నిలకడగా తిరగదు. ఆల్ఫాకు ఇది విషం. ఎందుకో కింద వివరంగా ఉంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | ఆల్ఫా వన్ జెన్ టూ | బ్రావో వన్ | బ్రావో వన్ ఎక్స్‌ఆర్ |
|---|---|---|---|
| కంపెనీ జత చేసిన ఇంజిన్లు | 300 హార్స్ పవర్ దాకా | బిగ్ బ్లాక్, 430 దాకా | 525 ఈఎఫ్‌ఐ లాంటి రేసింగ్ ఇంజిన్లు |
| గేర్ పడే పద్ధతి | కింది గేర్‌కేస్‌లో పళ్ల క్లచ్ | పై గేర్‌కేస్‌లో కోన్ క్లచ్ | కోన్ క్లచ్ |
| గేర్ మార్చేటప్పుడు ఇగ్నిషన్ కోత | కావాలి | అక్కర్లేదు | అక్కర్లేదు |
| ఇంజిన్ చల్లబరిచే నీళ్ల పంపు | డ్రైవ్ లోపల | ఇంజిన్ మీద, బెల్టుతో | ఇంజిన్ మీద, బెల్టుతో |
| వీ8కి మామూలు రేషియో | 1.47 | 1.36, 1.5, 1.65 | వేగపు బోట్లకు తగ్గట్టు |
| గేర్ ఆయిల్ | సుమారు 1.9 లీటర్లు | సుమారు 2.7 లీటర్లు | బ్రావోలాగే |
| ఆల్ఫా బోట్‌లో పెట్టాలంటే | ఉన్నదే | ట్రాన్సమ్ (బోట్ వెనక గోడ) సెట్, పంపు, కేబుల్ మారాలి | అదంతా, ఇంకా స్టీరింగ్ బలపరచాలి |

## ఒకటో దారి: ఆల్ఫానే ఉంచి, దాన్ని కాపాడుకోవడం

ఎక్కువమందికి సరిపోయే దారి ఇదే, నాకూ ఇదే ఇష్టం. షరతు ఒక్కటే: ఇంజిన్‌ను డ్రైవ్‌కు తగ్గట్టు ఎంచుకోవాలి.

పగిలిన 5.7 స్థానంలో వోర్టెక్ హెడ్లున్న కొత్త 5.7 పెట్టి 300 హార్స్ పవర్ దగ్గర ఆగితే అసలు సమస్యే లేదు. పాత కార్బ్యురేటర్ 5.7 ఇచ్చిన 260తో పోల్చితే తేడా చేతికి తెలుస్తుంది. 383 కావాల్సిందే అంటే క్యామ్ ఎంపిక మీదే డ్రైవ్ ఆయుష్షు ఉంటుంది. మరైన్ క్యామ్ తీసుకోండి: 650–700 దగ్గర నిలకడగా ఐడిల్ అయ్యేది, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మధ్య కోణం) 112 డిగ్రీలో ఇంకా పైనో ఉండేది. వాల్వులు కలిసి తెరుచుకునే సమయం ఎక్కువైతే ఐడిల్‌లో ఎగ్జాస్ట్ నుంచి నీళ్లు వెనక్కి సిలిండర్లలోకి పీల్చుకునే ప్రమాదం కూడా ఉంది. కారులో ముచ్చటగా గుడగుడలాడే ఇంజిన్ బోట్‌లో రెండు రకాలుగా నష్టం చేస్తుంది.

ఆల్ఫాలో గేర్ పడటమంటే కింద ప్రాప్ షాఫ్ట్ మీద ఒక స్లైడింగ్ క్లచ్ జరిగి, తిరుగుతున్న గేరు పళ్లలో తన పళ్లు ఇరికించడం. 650 దగ్గర టక్కున పడుతుంది. 900 దగ్గర పళ్ల అంచులు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. అంచులు గుండ్రంగా అరిగాక, థ్రాటిల్ పెంచగానే గేరు జారిపోయి తడబడుతుంది. అందుకే లివర్‌ను మెల్లగా, జాలిపడుతున్నట్టు కదపకూడదు. న్యూట్రల్ నుంచి ఫార్వర్డ్‌కు ఒకే కదలికలో వెయ్యాలి.

గేరు తీసేటప్పుడు ఆల్ఫా ఒక చిన్న స్విచ్‌తో ఇగ్నిషన్‌ను క్షణం పాటు ఆపి, పళ్ల మీద భారం దించుతుంది. దిగువ షిఫ్ట్ కేబుల్ బిగుసుకుపోయి ఉంటే ఆ స్విచ్ అవసరానికంటే ఎక్కువసేపు నొక్కుకుపోయి, డాక్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. చాలామంది ఇది కార్బ్యురేటర్ తప్పనుకుని ట్యూనింగ్ చేయిస్తూ ఉంటారు. డ్రైవ్ దించినప్పుడు కేబుల్ లోపలి తీగను వేళ్లతో లాగి చూడండి. నూనె రాసిన దారంలా జారాలి. గరగరమంటే ఆలోచించకుండా మార్చేయండి, కొత్త పెద్ద ఇంజిన్‌తో ఆ కేబుల్‌ను మళ్లీ వాడొద్దు.

ఈ దారిలో ఇంకో రెండు జాగ్రత్తలు. ఇంపెల్లర్ (నీళ్ల పంపులోని రబ్బరు చక్రం) డ్రైవ్ లోపలే ఉంటుంది కాబట్టి రెండేళ్లకోసారి, ఇసుక నీళ్లలో తిరిగితే ఏటా మార్చాలి. పెద్ద ఇంజిన్ ఎక్కువ వేడి పుట్టిస్తుంది, ఇంపెల్లర్ రెక్కలు అరిగినా పాత ఇంజిన్ భరించినట్టు కొత్తది భరించదు. రెండోది, బాగా బరువైన స్టెయిన్‌లెస్ ప్రాప్ పెడితే గేరు పడిన ప్రతిసారీ క్లచ్ పళ్ల మీద దెబ్బ పెరుగుతుంది. ఫ్లో-టార్క్ టూ లాంటి ప్లాస్టిక్ స్లీవ్ ఉన్న హబ్ వాడితే ఆ దెబ్బ కొంత మెత్తబడుతుంది. మునిగిన మొద్దుకు తగిలినా స్లీవ్ తెగి గేర్లు మిగులుతాయి. స్లీవ్ ఖరీదు, గేర్‌సెట్ ఖరీదు పక్కపక్కన పెట్టి చూడక్కర్లేదు.

ఈ దారి ఎక్కడ ముగుస్తుంది? 430 పౌండ్-అడుగుల దగ్గర, తేలిక బోట్‌లో, థ్రాటిల్ చేతి ఓపిక తెలిసిన వాళ్లకు. 454 పెట్టి ఆల్ఫా ఉంచుకోవద్దు. బిగ్ బ్లాక్ స్మాల్ బ్లాక్ కంటే సుమారు 200 పౌండ్లు బరువెక్కువ. ఆ బరువంతా వెనకే చేరి, బోట్ పైకి లేవడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. అంటే ఎక్కువ టార్క్, ఎక్కువసేపు. చిన్న కాడికి పెద్ద ఎడ్లను కట్టి బురదలో బండి తోలడమే అది.

## రెండో దారి: అరిగిన ఆల్ఫా స్థానంలో కొత్త ఆల్ఫా

ఫ్లోరిడాలోని ఎస్‌ఈఐ లాంటి కంపెనీలు ఆల్ఫాకు సరిపోయే పూర్తి డ్రైవ్‌లు అమ్ముతాయి. ఉన్న బెల్ హౌసింగ్‌కే (డ్రైవ్‌ను తగిలించే భాగానికే) బిగుసుకుంటాయి. ఇరవై ఏళ్ల గేర్ల స్థానంలో కొత్తవి వస్తాయి, కానీ డిజైన్ అదే, హద్దూ అదే. డ్రైవ్ ఎలాగూ పోయింది, ఇంజిన్ 300 చుట్టూనే ఉంచుతున్నాం అనేవాళ్లకు ఇది మంచి బేరం. శక్తి పెంచడానికి మందు మాత్రం కాదు.

పాతదాన్ని రిపేరు చేయించాలనుకుంటే ఒక మాట: గేర్లు ఎప్పుడూ జతగానే మార్చాలి, షిమ్‌లతో (పల్చటి రేకులతో) ఎత్తు, పళ్ల మధ్య సందు సరిచూడాలి. ఒక్క గేరే మార్చి బిగించే చోట నుంచి వచ్చిన డ్రైవ్ పెద్ద ఇంజిన్ వెనక ఎక్కువ రోజులు ఉండదు.

## మూడో దారి: బ్రావో వన్

బిగ్ బ్లాక్‌కు, బరువైన బోట్‌కు, ఐడిల్ కాస్త ఎక్కువున్న 383కు సరైన జవాబు. మెర్క్యురీ తన 6.2 లీటర్ల 320 హార్స్ పవర్ ఇంజిన్‌ను, 496 బిగ్ బ్లాక్‌లను బ్రావోతోనే నడిపించింది.

బలం ఎక్కడుందంటే క్లచ్‌లో. పై గేర్‌కేస్‌లో నిలువు షాఫ్ట్ మీద మర చుట్లలాంటి పళ్ల మీద ఒక కోన్ కూర్చుంటుంది. గేరు వెయ్యగానే అది గేరు లోపలి కప్పులోకి జరుగుతుంది. టార్క్ పెరిగేకొద్దీ ఆ మర చుట్లే కోన్‌ను ఇంకా లోపలికి బిగిస్తాయి. పళ్లు కొరుక్కోవడం లేదు, ఇగ్నిషన్ ఆపక్కర్లేదు. 850 ఐడిల్‌నూ సహిస్తుంది. ప్రాప్ తిరిగే దిశను కంట్రోల్ బాక్స్ దగ్గర కేబుల్ అమరికతో మార్చుకోవచ్చు కాబట్టి రెండు ఇంజిన్ల బోట్లకూ అనుకూలం.

ఇందులోని మోసం కూడా తెలుసుకోవాలి. కోన్ రాపిడి మీద బతుకుతుంది. గేర్ ఆయిల్‌లో నీళ్లు చేరినా, ఆయిల్ మార్చకుండా వదిలేసినా కోన్ ముఖం గాజులా నున్నగా మారి జారుతుంది, లేదా గేర్లో ఇరుక్కుని న్యూట్రల్‌కు రాదు. ఇక తేలిక బోట్‌లో, మామూలు 5.7 వెనక బ్రావో పెడితే పెద్ద గేర్‌కేస్‌ను నీళ్లలో ఈడ్చడానికీ, పెద్ద గేర్లను తిప్పడానికీ కొంత శక్తి పోతుంది. గరిష్ఠ వేగం తగ్గినట్టు కూడా కనిపించొచ్చు. అందుకే చిన్న ఇంజిన్‌కు ముందుజాగ్రత్తగా బ్రావో అనడం డబ్బు దండగ.

ఆల్ఫా బోట్‌ను బ్రావోకు మార్చడానికి కావాల్సినవి:

- బ్రావో ట్రాన్సమ్ సెట్: డ్రైవ్‌ను పట్టుకుని తిరగనిచ్చే గింబల్ హౌసింగ్, గింబల్ రింగ్, ఇంకా బెల్ హౌసింగ్, బెలోస్‌లతో (మడతల రబ్బరు గొట్టాలతో) సహా. జెన్ టూ ఆల్ఫాకూ బ్రావోకూ ట్రాన్సమ్‌లో కోత ఒకటే కావడం పెద్ద ఊరట. విడిభాగాలు ఏరి పాతదానికి అతికించే ప్రయత్నం కంటే పూర్తి సెట్ కొనడమే చివరికి చవక.
- ఇంజిన్ మీదకు సముద్రపు నీటి పంపు, దాని బ్రాకెట్, పుల్లీ, బెల్టు, హోసులు. ఆల్ఫాలో పంపు డ్రైవ్‌లోనే ఉండేది, బ్రావోలో లేదు. ఇది మర్చిపోయి డ్రైవ్ తగిలించి స్టార్ట్ చేస్తే నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కి పోతుంది.
- బ్రావో షిఫ్ట్ కేబుల్, దాని బ్రాకెట్. ఇగ్నిషన్ ఆపే ఆల్ఫా ఇంటరప్టర్ స్విచ్ వైర్లు తీసేయాలి.
- డ్రైవ్ షాఫ్ట్ పళ్లకు సరిపడే కప్లర్ (ఇంజిన్‌నూ ఆ షాఫ్ట్‌నూ కలిపే భాగం). కొనే ముందు పళ్లు లెక్కపెట్టి జత చూసుకోండి.
- కొత్త ప్రాప్, ఎందుకంటే రేషియో మారింది.

వాడిన సెట్ కొంటే గేర్ ఆయిల్ మీ ముందే దించమని అడగండి. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి అంటిన బూడిద రంగు ముద్ద వేళ్ల మధ్య రాస్తే మెత్తగా ఉంటే ఫరవాలేదు, అది మామూలు అరుగుడే. గోరంత పొలుకులు, మెరిసే ముక్కలు కనిపిస్తే వదిలేసి వచ్చేయండి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే లోపలికి నీళ్లు దిగుతున్నాయి.

## నాలుగో దారి: బ్రావో టూ, బ్రావో త్రీ

ఇవి బలం కోసం ఎంచుకునేవి కావు, బోట్ తీరు కోసం. బ్రావో టూ పెద్ద వ్యాసం ఉన్న ఒకే ప్రాప్‌తో నెమ్మదైన, బరువైన బోట్లను నెడుతుంది. బ్రావో త్రీలో రెండు ప్రాప్‌లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి; నీటిని బాగా పట్టుకుంటుంది, డాక్ దగ్గర నిటారుగా వెనక్కి వస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఈడ్పు ఎక్కువ. రెండు స్టెయిన్‌లెస్ ప్రాప్‌ల లోహమంతా నీళ్లలో ఉండటంతో ఉప్పునీటిలో అల్యూమినియాన్ని తుప్పు త్వరగా తినేస్తుంది, యానోడ్లను (దాని బదులు తామే అరిగే లోహపు ముక్కలను) సీజన్‌కు ఒకసారి కాదు, ఇంకా తరచుగా చూడాలి. 24 అడుగులు దాటిన కుటుంబ క్రూయిజర్‌కు బ్రావో త్రీ, తేలిక స్పోర్ట్స్ బోట్‌కు బ్రావో వన్ అనుకుంటే చాలావరకు తప్పు పోదు.

## ఐదో దారి: ఎక్స్‌ఆర్, బలపరిచిన బ్రావోలు

500 హార్స్ పవర్ దగ్గరికి చేరుతున్నారంటే మామూలు బ్రావో కూడా ఆల్ఫాలాగే హద్దు దాటుతోందని అర్థం. మెర్క్యురీ రేసింగ్ ఎక్స్‌ఆర్‌ను 525 ఈఎఫ్‌ఐ లాంటి ఇంజిన్ల కోసం కట్టింది. ఐఎమ్‌సీఓ లాంటి వాళ్లు బలమైన పై హౌసింగులు, కురుచ కింది గేర్‌కేసులు అమ్ముతారు.

ఇక్కడ డ్రైవ్ ఒక్కటే మార్చి ఊరుకుంటే కుదరదు. ఈ వేగాల్లో పై గేర్‌కేస్ నీళ్ల పైనే ఉండి వేడెక్కుతుంది, కాబట్టి దాని మీద నీళ్లు చిమ్మే డ్రైవ్ షవర్ పెట్టాలి. గింబల్ రింగ్ పిన్నుల్లో ఆట ఉంటే డ్రైవ్ పక్కలకు ఊగుతూ బోట్‌ను అదుపు తప్పిస్తుంది. బయటి హైడ్రాలిక్ స్టీరింగ్ అవసరమవుతుంది. ఇవన్నీ కలిపి లెక్క వేశాక, ఆ శక్తికి మొదటి నుంచీ కట్టిన బోట్ కొనడం మేలని తేలడం అసాధారణమేమీ కాదు.

వోల్వో పెంటా ఎస్‌ఎక్స్ లాంటి డ్రైవ్‌లు కూడా కోన్ క్లచ్‌తో మంచి బలమైనవే. కానీ వోల్వో ట్రాన్సమ్ కోత మెర్‌క్రూయిజర్‌ది కాదు. పాత కోతను ఫైబర్‌గ్లాస్‌తో మూసి కొత్తది కొయ్యాలి. ట్రాన్సమ్ ఎలాగూ కుళ్లి తిరిగి కడుతున్న వాళ్లు తప్ప మిగతావాళ్లు ఆ దారి వెళ్లనక్కర్లేదు.

## ఎవరికి ఏది

పిల్లల్ని ట్యూబ్ మీద లాగే కుటుంబం, 18–20 అడుగులు. 300 హార్స్ పవర్ 5.7, ఆల్ఫా, నాలుగు రెక్కల ప్రాప్. లాగేటప్పుడు కావాల్సింది తొందరగా పైకి లేవడం, అది పిచ్ (ప్రాప్ ఒక చుట్టులో ముందుకు పోయే అంగుళాలు) తగ్గిస్తే వస్తుంది. డబ్బు డ్రైవ్ మీద కాకుండా ప్రాప్ మీద పెట్టండి.

పెద్దవాళ్లను వేక్‌బోర్డు మీద లేపేవాళ్లు, నీళ్ల సంచులు నింపేవాళ్లు. భారం నిలిచిన చోటు నుంచి, తక్కువ ఆర్‌పీఎంలో, పదేపదే. ఇంజిన్ 350 దాటకపోయినా నేనైతే బ్రావో వన్ పెట్టమంటాను, 1.5 గానీ 1.65 గానీ రేషియోతో.

వేగం కావాల్సినవాళ్లు, తేలిక బోట్, నున్నటి నీళ్లు. 383, మరైన్ క్యామ్, ఆల్ఫా. పెద్ద అలలున్న సరస్సయితే ఈ సలహా వెనక్కి తీసుకుంటాను, బ్రావోకు వెళ్లండి.

బరువైన క్యాబిన్ బోట్. బిగ్ బ్లాక్, బ్రావో త్రీ. సందేహం అక్కర్లేదు.

బడ్జెట్ ఒక్కదానికే సరిపోతుంది, ఇంజిన్‌కో డ్రైవ్‌కో. అయితే ఇంజిన్ పెంచొద్దు. పాత శక్తికే కొత్త ఇంజిన్ పెట్టి, మిగిలిన డబ్బుతో బెలోస్, గింబల్ బేరింగ్, యూ-జాయింట్లు (డ్రైవ్ కోణం మారినా షాఫ్ట్‌ను తిప్పే కీళ్లు), కేబుల్ కొత్తవి వేయించండి.

ఒక చట్టం సంగతి. అమెరికాలో 20 అడుగుల లోపు బోట్లకు ఉండే కెపాసిటీ ప్లేటు మీద అవుట్‌బోర్డులకు రాసినట్టు స్టెర్న్‌డ్రైవ్‌లకు (ఇలా ఇంజిన్ లోపల, డ్రైవ్ వెనక ఉండేవాటికి) హార్స్ పవర్ పరిమితి రాయరు. అంటే ఆపేవాళ్లు లేరు, ట్రాన్సమ్ బలం మీరే చూసుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్లకు ఇంజిన్ మార్పు చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది వస్తుంది. స్టార్టర్, ఆల్టర్నేటర్, ఫ్యూయెల్ పంపు మాత్రం కారువి ససేమిరా వాడొద్దు. నిప్పురవ్వ బయటికి రాని మరైన్‌వే కావాలి.

## ఏ డ్రైవ్ ఎంచుకున్నా తప్పనివి

అలైన్‌మెంట్, అంటే ఇంజిన్, డ్రైవ్ ఒకే గీతలో ఉండటం. కొత్త ఇంజిన్ వెనక చచ్చిన కప్లర్లు, గింబల్ బేరింగులు ఎక్కువ భాగం ఇది కుదరకే పోతాయి. ముందు స్ట్రింగర్లను (ఇంజిన్‌ను మోసే పొడవాటి దూలాలను) సుత్తి పిడితో తట్టి చూడండి. గట్టి చెక్క ఠంగుమంటుంది, కుళ్లినది చప్పగా ధబ్ మంటుంది. చెక్క మెత్తబడితే ఇంజిన్ కూర్చుని అలైన్‌మెంట్ నిలవదు, ముందు అది బాగుచేయాలి. తర్వాత డ్రైవ్ దించి, అలైన్‌మెంట్ బార్ కొసన ఉన్న పళ్లకు పల్చగా గ్రీజు రాసి గింబల్ బేరింగ్ గుండా కప్లర్‌లోకి దూర్చండి. రెండు వేళ్లతో తోస్తే జారాలి. పట్టుకుంటే ఇంజిన్ ముందు మౌంట్లను పైకి గానీ కిందకి గానీ కొద్దికొద్దిగా తిప్పండి. బార్ బయటికి తీసి గ్రీజు మీది గుర్తులు చూడండి: చుట్టూ సమానంగా పడితే సరి, కింది వైపే చెరిగి ఉంటే ఇంజిన్ ఎత్తు ఇంకా కుదరలేదు. బార్‌ను పావు మలుపు తిప్పి మళ్లీ దూర్చండి, నాలుగు వైపులా అలాగే జారాలి. సరిపోయాక డ్రైవ్ నట్లను 50 పౌండ్-అడుగులకు బిగించండి. కొత్త మౌంట్లు కుదురుకుంటాయి కాబట్టి 20 గంటల తర్వాత మళ్లీ చూడాలి.

ప్రాప్. పూర్తి థ్రాటిల్‌లో ఇంజిన్ తన గరిష్ఠ ఆర్‌పీఎం పరిధి పై అంచును తాకాలి, మామూలు బోట్ బరువుతో, పూర్తి ట్యాంకుతో. ఒక అంగుళం పిచ్ మారిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం మారుతుంది. పిచ్ ఎక్కువై ఇంజిన్ 4200 దగ్గరే ఆగిపోతుంటే అది తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ టార్క్‌తో గేర్లను నలుపుతోందన్నమాట. ముందే అంచనా వేసుకోవచ్చు: ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, రేషియో ఇంటూ 1056తో భాగిస్తే గంటకు మైళ్లలో సైద్ధాంతిక వేగం వస్తుంది. 4800, 21 పిచ్, 1.47 అయితే 65. 12 శాతం జారుడు తీసేస్తే 57. అదే ఇంజిన్‌కు బ్రావో 1.5తో 23 పిచ్ తిప్పే శక్తి ఉంటే 61 దగ్గర తేలుతుంది.

గేర్ ఆయిల్. కొత్త గేర్లయితే మొదటి 20 గంటలకు, తర్వాత ప్రతి 100 గంటలకు లేదా ఏటా, ఏది ముందైతే అది. కింది ప్లగ్ నుంచి పంపుతో నింపుతూ, పై వెంట్ నుంచి బుడగలు లేని ఆయిల్ వచ్చేదాకా ఆపొద్దు. పై నుంచి పోస్తే గాలి ఇరుక్కుని పై గేర్లు ఎండిపోతాయి. సీళ్ల మీద అనుమానముంటే ఖాళీ డ్రైవ్‌ను 10–15 పీఎస్‌ఐ గాలితో నింపి, నిలుస్తుందో లేదో చూడండి.

బెలోస్. యూ-జాయింట్ బెలోస్‌కు చిల్లి పడితే ముందు గింబల్ బేరింగ్ తుప్పు పడుతుంది, తర్వాత యూ-జాయింట్లు, ఆఖరికి బోటే నీళ్లలో దిగుతుంది. ఏటా మడతల మధ్య వేలు పెట్టి పగుళ్లు వెతకండి. స్టీరింగ్ తిప్పినప్పుడు వెనక నుంచి గరగర శబ్దం వస్తే అది బేరింగే.

ట్రిమ్ (డ్రైవ్‌ను ఎత్తే కోణం), థ్రాటిల్. డ్రైవ్ ఎత్తి ఉన్నకొద్దీ యూ-జాయింట్ల కోణం పెరిగి వాటి మీద భారం పెరుగుతుంది. నిలిచిన చోటు నుంచి కదిలేటప్పుడు డ్రైవ్ పూర్తిగా కిందికి ఉండాలి. ట్రైలర్ స్థాయిదాకా ఎత్తి ఉన్నప్పుడు 1200 ఆర్‌పీఎం దాటొద్దు. బోట్ అల మీద నుంచి ఎగిరిందని తెలియగానే థ్రాటిల్ వదిలేయండి, నీళ్లలో పడి ప్రాప్ మళ్లీ పట్టాకే పెంచండి. ఇది చేతికి అలవాటు కావడానికి రెండు వారాంతాలు చాలు.

కొత్త గేర్లను కుదురుకోనివ్వడం. మొదటి 5 గంటలు థ్రాటిల్ ముప్పావు వంతు దాటొద్దు, నిలిచిన చోటు నుంచి పూర్తి థ్రాటిల్ కొట్టొద్దు, ఒకే వేగంతో గంటల తరబడి పోవద్దు. ఆ సమయంలో కనీసం పదిసార్లు ఫార్వర్డ్ గేరు వేసి, ప్రతిసారీ కాసేపు మధ్యస్థ ఆర్‌పీఎంలో నడపండి. 20 గంటలయ్యాక ఆయిల్ దించి, అయస్కాంతం తుడిచి, దాని మీద ఏముందో ఫొటో తీసి పెట్టుకోండి. మరుసటి ఏడాది అదే ప్లగ్‌తో పక్కన పెట్టి చూడటానికి పనికొస్తుంది.